మహోమ్స్‌ని గెలిపించేది ఎవరు?

నమస్కారం అండీ. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాన్సాస్ సిటీ చీఫ్స్ టీమ్‌కి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, ప్యాట్రిక్ మహోమ్స్. అతని పేరెత్తగానే ఒక మాట వినిపిస్తుంది, "అతనిదేముంది, అలాంటి టీమ్ ఉంటే ఎవరైనా గెలుస్తారు" అని. టీమ్ లేకుండా ఏ క్వార్టర్‌బ్యాకూ గెలవడు, ఒప్పుకుంటాను. కానీ టీమ్ అనగానే అందరూ బంతి పట్టుకునే స్టార్ల పేర్లే చెప్తారు, అక్కడే నాకు అభ్యంతరం.

టైరీక్ హిల్‌నే తీసుకోండి. లీగ్‌లో అంత స్పీడున్న రిసీవర్లు, అంటే విసిరిన బంతి పట్టుకునేవాళ్ళు, అప్పట్లో చాలా తక్కువ. 2022 మార్చిలో చీఫ్స్ అతన్ని మయామీ టీమ్‌కి ఇచ్చేశారు, ఇక మహోమ్స్ పని అయిపోయిందన్నవాళ్ళు బోలెడుమంది. ఏమైంది? ఆ సీజన్‌లో 5,250 గజాలతో పాసింగ్‌లో, అంటే బంతి విసిరి టీమ్‌ని ముందుకి తీసుకెళ్ళడంలో, లీగ్ మొత్తానికి ముందున్నాడు, ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు, మరుసటి ఏడాది ఇంకోటి గెలిచాడు. బంతి పట్టే ఇంకో స్టార్ ట్రావిస్ కెల్సీ ఉన్నాడుగా అంటారా, మహోమ్స్ ఓడిపోయిన రెండు సూపర్ బౌల్స్‌లోనూ కెల్సీ ఉన్నాడు.

ఆ రెండుసార్లూ దెబ్బతిన్నది మహోమ్స్ ముందు నిలబడి ఎదుటివాళ్ళని అడ్డుకునే ఐదుగురు, అంటే అఫెన్సివ్ లైన్. వీళ్ళు మామూలుగా బంతి పట్టుకుని పరిగెత్తరు, స్కోర్ చేయరు, టీవీలో వీళ్ళ పేరు వినపడిందంటే చాలాసార్లు అది పెనాల్టీయే. 2021 ఫిబ్రవరిలో టాంపా బేతో ఆడేనాటికి చీఫ్స్ టాకిల్స్, అంటే లైన్ రెండు చివర్లలో నిలబడేవాళ్ళు, ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో బయటున్నారు. మహోమ్స్‌కి నిలబడి చూసే టైమే దొరకలేదు, ఒకసారైతే నేలకి సమాంతరంగా పడిపోతూ విసిరాడు, అది కూడా నేరుగా వెళ్ళి మనవాడి హెల్మెట్‌కే తగిలి కింద పడింది. ఆ త్రో చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. హిల్, కెల్సీ ఇద్దరూ ఆడారు, అయినా ఒక్క టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరికి చేర్చి చేసే స్కోర్) లేదు, 31-9తో ఓడిపోయారు.

వెంటనే చీఫ్స్ లైన్ మొత్తం మార్చేశారు, జో థూనీ, ఓర్లాండో బ్రౌన్, క్రీడ్ హంఫ్రీ, ట్రే స్మిత్ అందరూ 2021లో వచ్చినవాళ్ళే. 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఎదురుగా ఈగల్స్, ఆ సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్‌లని 70 సార్లు సాక్ చేసిన, అంటే బంతి విసిరేలోపే పడగొట్టిన టీమ్. మహోమ్స్‌కి చీలమండ గాయం, సరిగ్గా పరిగెత్తలేడు. అయినా ఆ రోజు ఒక్క సాక్ కూడా జరగలేదు, 38-35తో గెలిచారు.

మళ్ళీ అదే ఈగల్స్, 2025 ఫిబ్రవరిలో. ఈసారి లెఫ్ట్ టాకిల్‌గా సరైన మనిషి లేక గార్డ్ (టాకిల్‌కి లోపలి పక్కన ఆడేవాడు) అయిన థూనీనే అక్కడ నిలబెట్టారు. ఈగల్స్ ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయలేదు, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదకి అదనంగా మనిషిని పంపకుండానే 6 సాక్స్, సగం ఆటకే ఈగల్స్ 24-0తో ముందున్నారు. మహోమ్స్ తప్పు లేదనను, అతను విసిరిన ఒక బంతిని ఈగల్స్ ఆటగాడు కూపర్ డీజీన్ మధ్యలో పట్టేశాడు (ఇంటర్‌సెప్షన్), అది నేరుగా టచ్‌డౌన్ అయింది. అయినా ప్రతిసారీ మనుషులు మీద పడుతుంటే ఎంతటివాడైనా అలాగే విసురుతాడు.

సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ జో బరోని చూడండి, 2022 జనవరిలో టెనెసీ మీద 9 సాక్స్ తిని కూడా గెలిపించాడు, అది పూర్తిగా అతని గుండెధైర్యమే. కానీ అదే సీజన్ సూపర్ బౌల్‌లో 7 సాక్స్ తిని రామ్స్ చేతిలో ఓడిపోయాడు.

2025లో ఈగల్స్ చేతిలో ఓడాక, కాలేజీల నుంచి కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో చీఫ్స్ మొదట తీసుకున్నది ఎవరినో తెలుసా, రిసీవర్‌ని కాదు, ఒహాయో స్టేట్ లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్‌ని.