దేవుడే మన దారికి రావాలా?

ప్రభువునందు ప్రియమైన అమ్మలకు, అయ్యలకు వందనాలు.

విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీ పేరు వినని వాళ్లుండరు. ఆ లొయోలా స్పెయిన్‌లో పునీత ఇగ్నేషియస్ వారు, అంటే యేసుసభను స్థాపించిన మన ఇన్యాసివారు, పుట్టిన చోటు. ఈ సాయంత్రం ఆయన గురించే మాట్లాడతాను, ఎందుకంటే మనసు ఎక్కడ గాడి తప్పుతుందో అంత దగ్గరగా చూసి రాసినవాళ్లు తక్కువ.

1521 మే 20న స్పెయిన్‌లోని పాంప్లోనా కోటలో యుద్ధం చేస్తుండగా ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. అతుక్కున్నాక మోకాలి కింద ఎముక పొడుచుకొచ్చింది. బిగుతు బూట్లు వేసుకుంటే అందంగా కనపడదని, మత్తుమందు లేని ఆ రోజుల్లో దాన్ని కోయించుకున్నారు! అంత ఓర్పూ అప్పటికే ఉంది, కాకపోతే అదంతా పేరు కోసం, నలుగురిలో కనపడటం కోసం. ఆయనలో మారాల్సింది ఓర్పు కాదు, దేనికోసం ఓర్చుకుంటున్నాడన్నది.

మంచం మీద చదువుకోవడానికి వీరగాథలు అడిగితే ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు. ఒక గొప్పింటి స్త్రీ మెప్పు కోసం ఏమేం చెయ్యాలో గంటలు గంటలు ఊహించుకునేవారు, ఆ కాసేపూ హాయిగా ఉండేది, తర్వాత మనసంతా ఎండిపోయినట్టు ఉండేది. పునీతుల్లా బతకాలన్న ఆలోచన మాత్రం పోయాక కూడా సంతోషాన్ని మిగిల్చేది. ఆ తేడా ఆయన కనిపెట్టారు, తర్వాత నేర్పిందంతా అక్కడినుంచే.

1522లో మోంత్సెరాత్ పుణ్యక్షేత్రంలో మరియతల్లి ముందు కత్తి వదిలేసి మాన్రేసా అనే ఊరు చేరారు. అక్కడ, చేసిన పాపసంకీర్తనమే, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడమే, మళ్లీ మళ్లీ చేసినా శాంతి దొరకలేదు. భక్తి పెంచితే మనసు దానంతటదే చక్కబడుతుందని అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1548లో పోపు మూడవ పౌలు ఆమోదించిన ఆయన ‘ఆధ్యాత్మిక సాధనలు’ పుస్తకంలో ఒక ధ్యానం ఉంది. ముగ్గురికి తలా పదివేల బంగారు నాణేలు వచ్చాయి, కానీ సంపాదించింది కేవలం దేవుని ప్రేమ కోసం కాదు, అందుకే మనసులో నెమ్మది లేదు. మొదటివాడు ఆ వ్యామోహం వదిలించుకోవాలంటూనే చనిపోయే ఘడియ దాకా ఏమీ చెయ్యడు. రెండోవాడు డబ్బు ఉంచుకుంటూనే దానిమీద వ్యామోహం పోవాలంటాడు, అంటే తానున్న చోటికే దేవుడు రావాలి. మూడోవాడికి ఉంచుకోవాలనీ లేదు, ఇచ్చెయ్యాలనీ లేదు, దేవుడి సేవకు ఏది మేలైతే అదే.

మనలో ఎక్కువమంది రెండోవాళ్లమే అని నా నమ్మకం. సంబంధం మాట్లాడుకుని, కట్నం ఖాయం చేసుకుని, అప్పుడు దేవుని చిత్తం కోసం నవదిన ప్రార్థనలు మొదలుపెడతాం. ప్రార్థన నిజమే, కన్నీళ్లూ నిజమే, కానీ నిర్ణయం అయిపోయింది కదా! ఈ పట్టునుంచి విడిపించమని దేవుణ్ణి అడగడానికి మనకు భయం. నాకూ భయమే.

ఇన్యాసివారు చెప్పిన మందు చిన్నది. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఆత్మ పరిశోధన. ముందు కృతజ్ఞత, తర్వాత వెలుగు కోసం ప్రార్థన, ఆపైన ఈ పూట మనసు ఎటు లాగింది, దేనికి టెన్షన్ పడింది, ఎవరి మాటకు ఉబ్బిపోయింది అని గంట గంటా చూసుకోవడం, క్షమాపణ అడగడం, రేపటికి ఒక తీర్మానం. ప్రార్థన చప్పగా, బరువుగా ఉన్న రోజుల్లో మంచి మనసుతో తీసుకున్న నిర్ణయాలను మార్చొద్దన్నారు. ఆ రోజు గంట ప్రార్థన అనుకుంటే, లేవాలనిపించినా గంట పూర్తయ్యాక ఇంకాస్త సేపు కూర్చోమన్నారు.