జరిగిన కథ ఎవరు చెబుతారు?

అందరికీ నమస్కారం. ఏటి మధ్యనున్న లంక గ్రామాల నుంచి పంటు మీద దాటి ఈ స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వచ్చిన తోటి ఉపాధ్యాయులకు ప్రత్యేక కృతజ్ఞతలు.

ఏడో తరగతి తెలుగు పిరియడ్లలో వారానికి ఒకదాన్ని నేను ఒక మాంత్రిక నవలకు కేటాయించాను. ఎంచుకున్నది చందమామలో 1954లో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’. సిలబస్ మిగిలి ఉండగా మాయల కథలేమిటని కొందరు నొసలు చిట్లించారు. పాఠంలో మ్యూజియమో విమానాశ్రయమో వస్తే వాటిని చూసిన పిల్లవాడు చేయెత్తుతాడు, చూడనివాడు తల దించుకుంటాడు. ఈ కథలోని కుండలినీ ద్వీపాన్ని ఎవరూ చూడలేదు కాబట్టి, ట్యూషనుకు వెళ్ళేవాడూ వెళ్ళనివాడూ ఒకే రేవులో పడవ ఎక్కుతారు.

నిజానికి మా పిల్లలే ఒకడుగు ముందున్నారు. ‘ద్వీపమంటే లంకే కదండీ’ అని ఒక అమ్మాయి అనగానే, రేవు ఎటువైపు, వరదొస్తే పశువుల్ని ఎక్కడికి తోలతారు అని మిగిలినవారు అడగసాగారు. ఆ వారం వాళ్ళే ద్వీపానికి పటం గీశారు, ఏటిగట్టుతో సహా.

ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల పేర్లకు నేను అర్థం చెప్పలేదు. ఏకవచనం, చతుర్భుజం అనే మాటలు అప్పటికే తెలుసు కనుక ‘ఒక కన్ను గలవాడు’, ‘నాలుగు కన్నులు గలవాడు’ అని విగ్రహవాక్యాలు వాళ్ళే చెప్పుకున్నారు. బహువ్రీహి సమాసం అన్న పేరు తరువాత వచ్చింది. కళ్ళజోడు పెట్టుకునే నాకు చతుర్నేత్రుడనే పేరు కూడా ఆ రోజే స్థిరపడింది.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ధారావాహిక పద్ధతి. మాసపత్రికలో ప్రతి భాగానికి ముందు గడిచిన కథను క్లుప్తంగా ఇచ్చేవారు. నేను దాన్ని చదవను. పిల్లల్లో ఒకరు నాలుగు వాక్యాల్లో చెప్పాలి. మొదట్లో ఒక అబ్బాయి పది నిమిషాలు చెప్పాడు. ‘అది అక్కర్లేదు’ అని ఒకరు, ‘అది లేకపోతే సమరసేనుడు అక్కడికెందుకు వెళ్ళాడో తెలియదు’ అని కథానాయకుడి తరఫున మరొకరు వాదించుకున్నారు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న ఆ వాదననే నేను పఠనం అంటాను. వరదకు పంటు ఆగి వారం రోజులు బడికి రాలేకపోయినవారు కూడా ఆ నాలుగు వాక్యాలు విని కథలో కలిసిపోయారు.

పొరపాటు కూడా చేశాను. మొదటి నెలలో ప్రతి భాగం చివర ఐదేసి ప్రశ్నలకు జవాబులు రాయించాను. మూడో వారానికి, నేను చదువుతుండగానే పిల్లలు కథ వినడం మాని జవాబులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ప్రశ్నలు మానేశాక గానీ, ‘ఇంకొక్క పేజీ చదవండి మాస్టారూ’ అన్న మాట మళ్ళీ వినిపించలేదు.

భోజనాల తరువాత ఒక భాగాన్ని మీ ముందు చదువుతాను. ఎక్కడ ఆపాలో మీరు చెప్పండి. అంతకుముందు జరిగిన కథ మీలో ఎవరో ఒకరు నాలుగు వాక్యాల్లో చెప్పవలసి ఉంటుంది.