పసుపు పూలు పూసిన బ్రకోలీ: పిల్లలతో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ ఆదివారం పిల్లల ఫోన్-ఇన్‌లో బ్రకోలీ మొక్క గురించి మాట్లాడుకుందాం. ఉద్యాన శాస్త్రవేత్త మేడమ్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ ఖమ్మం నుంచి. హలో?

బాబు (ఖమ్మం): హలో... హలో... మేడమ్...

యాంకర్: రేడియో సౌండ్ తగ్గించు బాబూ.

బాబు: తగ్గించా. మేడమ్, మేం పోయిన ఉగాదికి బ్రకోలీ వేశాం. ఆకులు బాగా వచ్చాయి కానీ పువ్వు పడలేదు. మే నెలలో మొక్క ఎండిపోయింది.

మేడమ్: ఉగాదికి వేస్తే పడదు నాన్నా. ఇది చలికాలపు మొక్క. 20 డిగ్రీల దగ్గర ఉంటే హాయిగా పువ్వు కడుతుంది. మీ ఊళ్ళో మే నెలలో 40 దాటుతుంది కదా! ఆ వేడికి ఆకులే వేస్తుంది, లేదంటే గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది. సెప్టెంబరు చివర్లోనో, అక్టోబరులోనో నారు పోయాలి. ఉగాదికి మాత్రం విత్తొద్దు.

యాంకర్: థాంక్యూ బాబూ. మదనపల్లె నుంచి ఒక పాప.

పాప (మదనపల్లె): నమస్తే మేడమ్. నేను ఆరో తరగతి. మా మేడ మీద పెయింట్ డబ్బాలో బ్రకోలీ ఉంది. విత్తనాలు మా మామయ్య తెచ్చాడు. గాంధీ జయంతి రోజు పోశాం, సెలవు కదా. అచ్చం ఆవాల్లా ఉన్నాయి మేడమ్, మా అమ్మమ్మ పోపుల డబ్బాలో పోసేయబోయింది. ఐదో రోజుకి మొలిచాయి. ముందు రెండే ఆకులు, మధ్యలో నొక్కు పడి ఉన్నాయి. తర్వాత వచ్చినవి వేరేగా ఉన్నాయి. నేను నోట్‌బుక్‌లో బొమ్మలు వేసుకున్నా. ఎనిమిది మొలిస్తే ఏడింటిని పక్కింటి కోళ్ళు తినేశాయి, ఒక్కటే మిగిలింది...

యాంకర్: పాపా, నీ ప్రశ్న ఏంటమ్మా?

మేడమ్: చెప్పనివ్వండి. బొమ్మలు కూడా వేసుకుందట. ఆ మొదటి రెండూ బీజదళాలమ్మా, విత్తనం లోపలే మడిచి ఉంటాయి. అసలు ఆకులు తర్వాత వస్తాయి. ఊఁ, చెప్పు.

పాప: సంక్రాంతికి ముందు నా పిడికిలంత పువ్వు వచ్చింది. ఇంకా పెద్దదవుతుందని కొయ్యలేదు. పండక్కి నానమ్మ వాళ్ళ ఊరెళ్ళి పది రోజులున్నాం. తిరిగొచ్చేసరికి అంతా పసుపు పూలు! పాడైపోయింది కదా మేడమ్?

మేడమ్: పాడవలేదు తల్లీ. మనం దాన్ని పువ్వు, పువ్వు అంటాం గానీ, అది విచ్చుకోని మొగ్గల గుత్తి. ఆకుపచ్చగా ఇసుక రేణువుల్లా కనిపించేవన్నీ మొగ్గలే. ఒక్కో గుత్తిలో వందలు, వేలు ఉంటాయి. అవి విచ్చుకోకముందే మనం కోసుకుని తింటున్నాం. నువ్వు కొయ్యలేదు కాబట్టి విచ్చుకున్నాయి. మొగ్గ మన కోసం ఆగదు. పువ్వు కట్టడం మొదలైతే రోజూ పొద్దున్నే చూడాలి. మొగ్గలు బిగుతుగా ఉన్నప్పుడే కోత. ఎక్కడైనా ఒక్క పసుపు చుక్క కనబడిందా, ఆలస్యం అయినట్టే. ఇప్పుడు ఎక్కడున్నావు?

పాప: మేడ మీదే, మొక్క దగ్గరే ఉన్నా.

మేడమ్: ఒక పువ్వు తుంచు. రేకులెన్ని?

పాప: నాలుగు. ప్లస్ గుర్తులా ఉన్నాయి.

మేడమ్: ఆవ పువ్వూ అంతే, ముల్లంగి పువ్వూ అంతే. అన్నీ ఒకే కుటుంబం. మీ అమ్మమ్మ పొరబడిందంటే తప్పు లేదు, ఆవాలు దీనికి దగ్గరి చుట్టాలు. మధ్యలో సన్నటి పోగులు ఉంటాయి, చివర పసుపు పొడి. అవి కేసరాలు. ఎన్నున్నాయో చూడు.

యాంకర్: మేడమ్, లైన్లో ఇంకా...

మేడమ్: ఒక్క నిమిషం, పిల్ల లెక్కపెడుతోంది.

పాప: నాలుగు... కాదు, ఆరు. రెండు పొట్టిగా ఉన్నాయి.

మేడమ్: శభాష్! నాలుగు పొడుగు, రెండు పొట్టి. ఈ కుటుంబంలో దాదాపు అన్ని పూలకీ ఇదే లెక్క. రేపు మీ టీచరుకి చూపించు.

పాప: అయితే పాడైపోయినట్టు కాదా? అమ్మ పీకేయమంది మేడమ్.

మేడమ్: కాదమ్మా, కాదు. అమ్మకి నేను చెప్పానని చెప్పు, పీకొద్దు. పూయడం మొక్క అసలు పని. తేనెటీగలు వస్తాయి, చూడు. అయితే ఒక మాట. నీది ఒక్కటే మొక్క కదా, కాయలు సరిగ్గా పట్టకపోవచ్చు. చాలా బ్రకోలీ మొక్కలు తమ సొంత పుప్పొడిని ఒప్పుకోవు. పువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే కొసని కీలాగ్రం అంటారు. దాని మీద పడ్డ పుప్పొడి తనదేనని గుర్తుపట్టి మొలవనివ్వవు. వేరే మొక్క పుప్పొడిని తేనెటీగ మోసుకురావాలి. అందుకని వచ్చే అక్టోబరులో మూడు నాలుగు మొక్కలు పెట్టు, కోళ్ళకి అందకుండా వల కట్టు. ఇంకొకటి, పిడికిలంత ఉన్నప్పుడు కొసన ఉన్న ఆ పెద్ద పువ్వుని కోసి ఉంటే, ఆకుల మొదళ్ళలోంచి చిన్న చిన్న పువ్వులు మళ్ళీ వచ్చేవి. కొసన మొగ్గ ఉన్నంతకాలం ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి పక్క మొగ్గల్ని అణిచి ఉంచుతుంది. కొస పోతే వాటికి వీలు చిక్కుతుంది. కోశాక మొక్కని పీకెయ్యకండి, పిల్లలందరికీ చెప్తున్నా.

యాంకర్: నెక్స్ట్ కాలర్, విజయనగరం.

బాబు (విజయనగరం): మేడమ్, బ్రకోలీ అంటే పచ్చ రంగు కాలీఫ్లవరేనా?

మేడమ్: రెండూ ఒకే జాతి నాన్నా, బ్రాసికా ఒలరేసియా. క్యాబేజీ, నూల్‌కోల్ కూడా అదే. యూరప్ సముద్ర తీరాల్లో పెరిగే అడవి క్యాబేజీని మనుషులు తరాల తరబడి ఎంచి ఎంచి ఇలా మార్చారు. ఆకులు ముద్దకట్టినవి క్యాబేజీ, కాండం ఉబ్బినవి నూల్‌కోల్. మొగ్గలు, వాటి లావుపాటి కాడల కోసం ఇటలీ వాళ్ళు పెంచుకున్నది బ్రకోలీ. ఆ పేరూ ఇటలీదే, చిగురు కాడలని అర్థం. కాలీఫ్లవర్‌లో మనం తినే తెల్ల ముద్దలో మొగ్గలు ఇంకా ఏర్పడి ఉండవు. తేడా అక్కడ.

యాంకర్: థాంక్యూ. హైదరాబాద్ నుంచి ఒక అమ్మగారు.

శ్రోత (హైదరాబాద్): మేడమ్, కొన్న బ్రకోలీ నాలుగు రోజులకే పసుపు రంగుకి తిరుగుతోంది. ఉడికిస్తే ఒకటే వాసన, పిల్లలు ముట్టడం లేదు.

మేడమ్: కోసిన తర్వాత కూడా అది ఊపిరి తీసుకుంటూనే ఉంటుందండీ. చల్లగా లేకపోతే దాచుకున్న చక్కెర తొందరగా ఖర్చయిపోతుంది, పత్రహరితం విరిగి పసుపు తేలుతుంది. తేగానే ఫ్రిజ్‌లో పెట్టండి. ఇక వాసన అంటారా, దీనిలో గంధకం ఉన్న పదార్థాలున్నాయి. పురుగు కొరికితే ఘాటుగా తగలాలని మొక్క పెట్టుకున్న రక్షణ అది, ఆవపిండి ఘాటు కూడా అలాంటిదే. ఎక్కువసేపు ఉడికిస్తే ఆ గంధకం వాసన బయటికొస్తుంది. మూడు నాలుగు నిమిషాలు ఆవిరి పట్టండి చాలు.

యాంకర్: పాడేరు నుంచి టీచర్ గారు.

శ్రోత (పాడేరు): నమస్కారం మేడమ్. మా బడి తోటలో పిల్లలు వేసిన బ్రకోలీ ఆకులకి చిల్లులు పడుతున్నాయి. చిన్న పచ్చ పురుగులు, ముట్టుకుంటే దారం పట్టుకుని వేలాడుతున్నాయి.

మేడమ్: డైమండ్ బ్యాక్ మాత్ అనే రెక్కల పురుగు పిల్లలండీ అవి. పిల్లల తోటలో విషపు మందులు వద్దు, దయచేసి వద్దు. ఆకుల అడుగున చూసి ఏరించండి, వేపనూనె కలిపిన నీళ్ళు కొట్టండి. వచ్చేసారి పక్కనే ఆవాలు చల్లండి. క్యాబేజీ రైతులు 25 వరుసలకి రెండు వరుసల ఆవాలు ఎర పంటగా వేస్తారు. రెక్కల పురుగు ఆవ మొక్క మీదే గుడ్లు పెడుతుంది.

శ్రోత: వచ్చేసారి అంటే వేసవి సెలవులకి ముందే...

మేడమ్: వద్దండీ! ఉగాదికి విత్తొద్దని మొదట్లోనే చెప్పాను. మీది చల్లటి ఊరే, అయినా వేసవిలో వద్దు.

యాంకర్: సరే టీచర్ గారూ, థాంక్యూ. చివరి కాల్. హలో?

పాప (మదనపల్లె): మేడమ్, నేనే మళ్ళీ. ఇందాక అడగడం మర్చిపోయా. ఆ పసుపు పూలు తినొచ్చా? అమ్మమ్మ అడుగుతోంది.

మేడమ్: మందులేమీ కొట్టలేదు కదా?

పాప: లేదు. పేడ ఎరువు వేశాం, నీళ్ళు పోశాం అంతే.

మేడమ్: అయితే తినొచ్చు, కొంచెం ఆవ ఘాటు ఉంటుంది. కడిగి పప్పులో వెయ్యమను. అన్నీ తుంచకండి, సగం తేనెటీగలకి ఉంచండి. ఇంకో పది రోజులయ్యాక పువ్వు రాలిన చోట సన్నగా, పొడుగ్గా కాయలేమైనా లేస్తున్నాయేమో చూసి, మళ్ళీ ఫోన్ చెయ్యి.

పాప: ఒక్కటైనా వస్తే బొమ్మ వేస్తా మేడమ్.

యాంకర్: థాంక్యూ పాపా. వచ్చే ఆదివారం ఇదే సమయానికి కలుద్దాం. నమస్కారం.