అల్బినిజం ఫొటోలపై రచ్చ: అందం ఎవరిది, నిర్ణయం ఎవరిది?

యాంకర్: నమస్కారం. అల్బినిజం అంటే చర్మం, జుట్టు, కళ్లకి రంగునిచ్చే మెలనిన్ పుట్టుకతోనే తక్కువగా ఉండడం. అది ఉన్నవాళ్లతో తీసిన ఒక ఫొటో సిరీస్ మీద వారంగా గొడవ నడుస్తోంది. తెల్ల గోడ, తెల్ల బట్టలు, తెల్ల పూలు, మధ్యలో మనిషి. కొందరు అద్భుతం అంటున్నారు, కొందరు మనుషుల్ని బొమ్మలు చేశారంటున్నారు. ఇక్కడ అందరికీ సమానంగా టైమ్ ఇస్తాం. తెల్లగా ఉంటేనే అందం అనే మోజుని ఈ ఫొటోలు పెంచడం లేదా?

ఫొటోగ్రాఫర్: అస్సలు కాదండి. పాత వైద్య పుస్తకాల్లో వీళ్ల ఫొటోలు ఎలా ఉండేవి? బట్టలు లేకుండా గోడకి నిలబెట్టి, కళ్ల మీద నల్లపట్టీ వేసి, కింద జబ్బు పేరు. రిక్ గైడోటి అనే ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ అది చూడలేక తనే కెమెరా పట్టుకుని వెళ్లాడు, 1998లో ఆ ఫొటోలు లైఫ్ పత్రికలో వచ్చాయి, అక్కడి నుంచే...

టీచర్: ఆయన ఫొటోల్లో వాళ్లు నవ్వుతూ ఉంటారు సార్, ఇక్కడేమో...

ఫొటోగ్రాఫర్: పూర్తి చెయ్యనివ్వండి మేడమ్. 2019లో అల్బినిజం ఉన్న దక్షిణాఫ్రికా మోడల్ తాండో హోపా, వోగ్ పోర్చుగల్ అనే ఫ్యాషన్ పత్రిక కవర్ మీదకి వచ్చింది. అంతకుముందు ఎవరైనా ఊహించారా?

టీచర్: ఆవిడ లాయర్ కూడా. అది ఎవరూ చెప్పరు. నాకూ అల్బినిజం ఉంది, నేను ఫొటోలకి వ్యతిరేకం కాదు. కానీ ప్రతిసారీ దేవకన్యలాగే ఎందుకు తీస్తారు? ఒక షూట్‌లో నన్ను కళ్లజోడు తీసెయ్యమన్నారు. ఆ లైట్ల ముందు నేను కళ్లే తెరవలేను, నీళ్లు కారుతూనే ఉన్నాయి, అది వాళ్లకి బాగుందట!

యాంకర్: అంటే తెలుపు మోజే కదా మేడమ్?

టీచర్: కాదండి, నేను చెప్పేది లైటు గురించి.

డాక్టర్: ఆవిడ చెప్పింది ముఖ్యం. మెలనిన్ తక్కువైతే రంగు ఒక్కటే మారదు. కంటి వెనక ఉండే రెటీనా పొర మధ్యభాగం సరిగా ఎదగదు, చూపు తగ్గుతుంది, కనుగుడ్లు వాటంతటవే కదులుతుంటాయి, వెలుతురు భరించలేరు. ఇది బొల్లి కాదు, అంటుకునేదీ కాదు.

యాంకర్: మరి కళ్లు ఎర్రగా ఉంటాయంటారు?

డాక్టర్: ఎక్కువమందికి నీలం, బూడిద, గోధుమ రంగుల్లోనే ఉంటాయి. లైటు కొన్ని కోణాల్లో పడితే లోపలి రక్తనాళాల రంగు కనిపిస్తుంది.

ఫొటోగ్రాఫర్: ఫ్లాష్ పక్కకి పెడితే ఆ ఎరుపు తగ్గుతుంది! మేమంతా అలాగే...

(ఫ్లాష్ ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, కొంత భాగం వినపడలేదు)

డాక్టర్: యూరప్, ఉత్తర అమెరికాల్లో సుమారు 17,000 నుంచి 20,000 మందిలో ఒకరికి ఉంటే, టాంజానియాలో 1,400 మందిలో ఒకరికి ఉందని అంచనా. అక్కడ మూఢనమ్మకాలతో దాడులు చేశారు, చంపారు కూడా. ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ ఇంకో పక్క...

ఫొటోగ్రాఫర్: నేనూ అదే అంటున్నా! భయంతో చూసే చోట ఒక అందమైన ఫొటో ప్రాణం కాపాడుతుంది.

డాక్టర్: ముందు సన్‌స్క్రీన్, టోపీ, నిండు చేతుల బట్టలు కాపాడతాయి సార్.

ఫొటోగ్రాఫర్: భయం పోతేనే కదా అవి అందించేది! నేను మళ్లీ చెప్తున్నా, నల్లపట్టీ నుంచి పత్రిక కవర్ దాకా వచ్చాం, అది చిన్న విషయం కాదు.

యాంకర్: బలమైన పాయింట్. కానీ తెలుపు మోజు సంగతి...

టీచర్: మనందరిలో అదే మోజు ఉంటే నన్ను చిన్నప్పుడు క్లాసులో చివరి బెంచీలో ఒక్కదాన్నే ఎందుకు కూర్చోబెట్టారండి? బోర్డు కనపడక ఏడ్చేదాన్ని. ఇప్పుడు నేను పాఠం చెప్తాను, పుస్తకం ముఖానికి ఆనించి చదువుతాను. ఆ ఫొటో తియ్యండి. షూట్‌లో లైటు ఎంత ఉండాలి, కళ్లజోడు ఉండాలా వద్దా అన్నది కూర్చున్న మనిషిని అడగండి. అడుగుతారా సార్?

ఫొటోగ్రాఫర్: కళాకారుడికి ఒక దృష్టి ఉంటుంది మేడమ్...

టీచర్: అడుగుతారా, అడగరా?

యాంకర్: టైమ్ అయిపోయింది. సార్, చివరి ముప్పై సెకన్లు మీవే.

ఫొటోగ్రాఫర్: థాంక్యూ. చూడండి, 1998లో...