పగడపు దిబ్బ లగేజీ కాదు! గ్రేట్ నికోబార్‌లో ‘తరలిస్తాం’ అనే మాట వెనక ఏముంది?

16,150! ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి. అండమాన్ నికోబార్ దీవుల్లో దక్షిణ కొసనున్న గ్రేట్ నికోబార్‌లో పోర్టు కట్టడానికి చోటు మార్చాల్సిన పగడపు కాలనీల లెక్క ఇది. ఉన్నవి 20,668. అందులో ఇన్ని తరలిస్తారట!

ఆ దీవిలో పోర్టు, ఎయిర్‌పోర్టు, టౌన్‌షిప్ కట్టే ప్రాజెక్టు ఇది. దానికోసం 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది, 2022 నవంబరులో పర్యావరణ అనుమతి కూడా వచ్చింది... ఆ గొడవంతా ఒక ఎత్తు. నాకు కడుపు మండేది మాత్రం ఈ ‘తరలిస్తాం’ అన్న ఒక్క మాటకే.

పగడం చూడ్డానికి రాయిలా ఉంటుంది, కానీ ప్రాణి. గోరంత కూడా ఉండని జీవులు వేలకు వేలు ఒకదాన్నొకటి అంటుకుని బతుకుతాయి, ఆ గుంపే ఒక కాలనీ. వాటి ఒంట్లో ఉండే నాచు ఎండతో తిండి తయారుచేసి పెడుతుంది. గుండ్రటి పగడం ఏడాదికి పెరిగేది సుమారు ఒక సెంటీమీటరు. మూరెడు పెరగాలంటే నలభై ఏళ్లు దాటాలి! దాన్ని ఉలితో ఊడదీసి ఇంకోచోట సిమెంటు దిమ్మకు అతికిస్తారు. కొన్ని బతుకుతాయి, కాదనను. కానీ ఆ సందుల్లో దాక్కునే చేపపిల్లలు? ఒడ్డుకు కాపు కాసే ఆ దిబ్బ? ఊళ్లోంచి నాలుగు తలుపులు పట్టుకెళ్లి ఊరినే మార్చేశాం అంటే నమ్ముతామా?

అడవిదీ ఇదే వరస. నికోబార్‌లో వానల అడవి కొట్టి, బదులుగా హర్యానాలో మొక్కలు! నా అనుమానం చెప్తున్నా వినండి: ఈ ప్రాజెక్టుకు అసలు పునాది కాంక్రీటు కాదు, ‘బదులు’ అనే మాట. ఆ మాట తీసేస్తే ఫైలు కదలదు.

తోలు తాబేళ్లు (లెదర్‌బ్యాక్ సముద్ర తాబేళ్లు) గుడ్లు పెట్టే గలాథియా బే సంగతీ చూడండి. పోర్టు కట్టేది ఆ తీరంలోనే. 2021 జనవరిలో అక్కడి అభయారణ్యం హోదా తీసేశారు. దాదాపు అదే సమయంలో వచ్చిన జాతీయ సముద్ర తాబేళ్ల ప్రణాళికలో అదే తీరం ముఖ్యమైన చోటు!

తరలింపు అంటే ఏంటో అక్కడి గిరిజనులైన నికోబారీలను అడగండి. 2004 సునామీకి ఆ దీవి దక్షిణ కొస సుమారు 15 అడుగులు కుంగింది. ఆ కొసనున్న ఇందిరా పాయింట్ లైట్‌హౌస్ అడుగు భాగం నీళ్లలోకి పోయింది. మడ అడవులు నిలువునా మునిగాయి. బతికిబట్టకట్టిన వాళ్లను అదే దీవిలోని క్యాంప్‌బెల్ బే పట్నం దగ్గరికి తెచ్చి పెట్టారు. సొంత ఊళ్లకు పంపమని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఆ పాత ఊళ్ల నేల కూడా ప్రాజెక్టులోకి పోతోందని తెలిశాక, 2022 నవంబరులో వాళ్ల ట్రైబల్ కౌన్సిల్ ముందు ఇచ్చిన ఎన్‌ఓసీని, అంటే ‘మాకు అభ్యంతరం లేదు’ అన్న పత్రాన్ని, వెనక్కి తీసుకుంది.