సీటు వచ్చింది సరే, మెట్ల దారి తెరిచి ఉందా?

శ్రోతలకు నమస్కారం.

ఎంబీబీఎస్ కౌన్సెలింగ్ అంటే మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటిల్లిపాదికీ పరీక్షే. వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఇచ్చిన దగ్గర్నుంచీ స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు పట్టుకుని తల్లిదండ్రులు తిరుగుతూనే ఉంటారు. ఒక్క కాగితం తక్కువైనా సీటు చేజారుతుందని భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో జీవో 33 తెచ్చింది. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివినవాళ్లు స్థానికులన్నది దాని సారం. శాశ్వత నివాసులను కాదనడం కుదరదని ఆ సెప్టెంబరులో హైకోర్టు అంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే నిలబెట్టింది. తొమ్మిదో తరగతి ఎక్కడ చదివారన్న సంగతి తేల్చుకోవడానికి దేశంలోని పెద్ద కోర్టు దాకా వెళ్లాం. స్థానికుల హక్కు కోసం అంత పట్టుదల ఉండాల్సిందే. కానీ ఆ పిల్లలు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు గడపబోయే భవనాల్లో అగ్నిప్రమాద భద్రత విషయంలో అందులో సగం పట్టుదలైనా చూపిస్తున్నామా? నా ఆవేదనంతా దీని గురించే.

2024 నవంబరు 15 రాత్రి ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీలో, మహారాణి లక్ష్మీబాయి వైద్య కళాశాల ఆసుపత్రిలో, నవజాత శిశువుల ఐసీయూకి నిప్పంటుకుంది. ఆ రాత్రే పది మంది పసికందులు చనిపోయారు. అది వైద్య కళాశాల. డాక్టర్లను తయారుచేసే చోటు.

ఐసీయూలో మంట అంత త్వరగా పాకడానికి కారణముంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. గొట్టాల నుంచి, మాస్కుల నుంచి కొద్దికొద్దిగా బయటికి వస్తూ ఉంటే గదిలో ఆ శాతం పెరుగుతుంది. పరుపులు, తెరలు, ప్లాస్టిక్ అన్నీ క్షణాల్లో అంటుకుంటాయి. ఏసీలు, వెంటిలేటర్లు, పసికందులకు వెచ్చదనమిచ్చే వార్మర్లు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి. పాత వైరింగు మీద కొత్త యంత్రాలు తగిలిస్తూ పోతే తీగ వేడెక్కుతుంది. అన్నిటికన్నా పెద్ద ముప్పు పొగ. 2011 డిసెంబరు 9న కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో తొంభై మంది దాకా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందిని బలితీసుకున్నది పొగే. నిప్పు పుట్టింది నేలమాళిగలో. వాహనాలు నిలపాల్సిన ఆ చోటును సామాన్ల గోదాముగా వాడారు. పొగ ఏసీ గొట్టాల వెంట పైఅంతస్తులకు ఎక్కింది. కేరళ నుంచి వచ్చిన ఇద్దరు యువ నర్సులు కొందరు రోగులను బయటికి చేర్చి, మిగిలినవాళ్ల కోసం మళ్లీ లోపలికి వెళ్లి ప్రాణాలు వదిలారు.

ఇక హాస్టళ్ల సంగతి. 2023 సెప్టెంబరు 15న ఒక్కరోజే తెలంగాణలో తొమ్మిది, ఆంధ్రప్రదేశ్‌లో ఐదు ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. జిల్లా పిల్లలు జిల్లాలోనే డాక్టరీ చదువుకోవడం మంచి మాట, నేను మనసారా సంతోషించాను. కాకపోతే కాలేజీ ఇంత వేగంగా వస్తే హాస్టల్ వెనకబడుతుంది. ఎక్కడో ఒక మేడ అద్దెకు తీసుకుంటారు. మన దగ్గర నివాస భవనం 18 మీటర్ల ఎత్తు ఉంటేనే అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం, అడుగుతారు. కాపురాల కోసం కట్టిన నాలుగంతస్తుల మేడ ఆ ఎత్తుకు చేరదు. అందులోకి వంద మంది విద్యార్థులు వచ్చాక కూడా అది పాత లెక్కలోనే ఉండిపోతే ఎలా? 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు లేచి పది మంది చనిపోయారు. భవనం వాడకం మారినప్పుడు భద్రత లెక్క కూడా మళ్లీ మొదటి నుంచి వేయాలి.

అమ్మాయిల హాస్టల్‌కు రాత్రి కాగానే మెట్ల దగ్గర గ్రిల్ వేసి తాళం పెడతారు. తాళంచెవి వాచ్‌మన్ జేబులో. వాచ్‌మన్ టీకి వెళ్తే? కిటికీలకూ ఊచలే. మంటలార్పే నీటి గొట్టం ఉండాల్సిన హోస్ రీల్ పెట్టెలో చీపుర్లు పెడతారు, మంటలార్పే ఎర్ర సిలిండర్ బెంచీల వెనక్కి పోతుంది. ఇదేమీ ఖర్చుతో కూడిన సమస్య కాదు. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే తలుపు ఒకటి పెట్టి, తీసినప్పుడు వార్డెన్ గదిలో గంట మోగేలా చేస్తే ఆడపిల్లల భద్రతా ఉంటుంది, ప్రాణాలూ ఉంటాయి.

విశ్వవిద్యాలయాలు కాలేజీకి అఫిలియేషన్, అంటే అనుబంధ గుర్తింపు, ఇస్తాయి, విద్యార్థికి సీటు కేటాయిస్తాయి. రెండు తాళాలూ వాటి చేతిలోనే ఉన్నాయి కాబట్టి వాటినే అడుగుతున్నాను. వెబ్ ఆప్షన్ల ముందు ఇచ్చే కాలేజీల జాబితాలో సీట్ల పక్కన ఇంకో గడి చేర్చండి. కాలేజీకి, ఆసుపత్రికి, హాస్టల్‌కు విడివిడిగా, అద్దె భవనమైనా సరే, అగ్నిమాపక శాఖ చివరిసారి ఎప్పుడు తనిఖీ చేసింది, ఎన్ఓసీ గడువు ఎప్పటిదాకా ఉంది అన్నది అందులో రాయండి. లేకపోతే లేదని రాయండి. ఆ గడిలో ‘లేదు’ అని ఉన్న కాలేజీని ఏ తల్లీ మొదటి ఆప్షన్‌గా పెట్టించదు. అప్పుడు యాజమాన్యాలే అగ్నిమాపక శాఖ గుమ్మం తొక్కుతాయి.

కొత్త బ్యాచ్ చేరిన మొదటి వారంలోనే ఒక డ్రిల్ పెట్టాలి. సిలిండర్ పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలు వైపు పట్టి, మీట నొక్కి, అటూ ఇటూ తిప్పడం ప్రతి విద్యార్థీ స్వయంగా చేయాలి. పొగ కమ్మితే లిఫ్టు జోలికి పోకుండా నేల బారుగా వంగి మెట్ల వైపు పాకడం అలవాటు కావాలి.

ఈ ఏడాది పిల్లల్ని చేర్పించబోయే తల్లిదండ్రులకు నాదొక విన్నపం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చాక తిరుగు ప్రయాణం కట్టకండి. హాస్టల్ పైఅంతస్తు దాకా ఎక్కండి. రెండో మెట్ల దారి ఎక్కడుందో చూపించమనండి. సిలిండర్ మీద గేజ్ ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో చూడండి. గ్రిల్ తాళంచెవి రాత్రి రెండింటికి ఎవరి దగ్గర ఉంటుందో వార్డెన్‌ని అడగండి. జవాబు సరిగా రాకపోతే ప్రిన్సిపాల్‌కు కాగితం మీద రాసివ్వండి, దాని నకలు విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు పంపండి.