ఓటముల సీజన్ తర్వాత టెన్నిస్‌లో ఆట ఎలా తిరిగి వస్తుంది?

[తెర మీద: దక్షిణ ఒడిశా మ్యాపు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఒక్కొక్కటిగా వెలుగుతాయి. వాటి నుంచి రెండు గీతలు, ఒకటి భువనేశ్వర్‌కి, ఒకటి విశాఖకి.]

నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను.

ఈమధ్య రాయగడ నుంచి ఒక అమ్మ ఫోన్ చేశారు. వాళ్ల అమ్మాయి అండర్-14 ఆడుతుంది. పోయిన ఏడాది విశాఖలో బాగా ఆడిన పిల్ల, ఈ ఏడాది ఎక్కడికి వెళ్లినా మొదటి రౌండ్‌లోనే ఓడి వచ్చేస్తోందట. ఇప్పుడు బ్యాగు మంచం కిందకి తోసేసి, "నాకు ఇష్టం పోయిందమ్మా" అంటోందట. "పోయిన ఇష్టం మళ్లీ వస్తుందాండీ?" అని అడిగారు ఆవిడ.

వస్తుందమ్మా. కాకపోతే మనం ఎదురుచూసే వైపు నుంచి రాదు. ముందు ఉత్సాహం పుట్టాలి, అప్పుడు ప్రాక్టీసు సాగుతుంది, ఆ తర్వాత గెలుపు వస్తుంది అనుకుంటాం. పెద్ద ఆటగాళ్లు కిందపడి లేచిన తీరు గమనిస్తే వరస తలకిందులుగా ఉంటుంది. ముందు చిన్న పని, ఆ వెనక చిన్న గెలుపు, ఉత్సాహం అన్నిటికన్నా ఆఖరున. ఆ వరస ఎలా నడుస్తుందో ఇవాళ విప్పి చూద్దాం.

[తెర మీద: 52 గడుల క్యాలెండర్. ఒక గడిలో 1300 అని ఉంటుంది.]

ముందు లెక్క. టెన్నిస్‌లో ఒక చెడ్డ సీజన్ ఎందుకంత బరువుగా ఉంటుందో ఈ లెక్క తెలిస్తే సగం అర్థమవుతుంది.

ప్రొఫెషనల్ ర్యాంకింగ్ 52 వారాల లెక్క. ఈ వారం సంపాదించిన పాయింట్లు వచ్చే ఏడాది ఇదే సమయానికి చెరిగిపోతాయి. గ్రాండ్‌స్లామ్ అంటే ఏడాదికి నాలుగే జరిగే అతి పెద్ద టోర్నీలు. వాటి ఫైనల్లో ఓడినా 1300 పాయింట్లు వస్తాయి. మరుసటి ఏడాది అదే టోర్నీలో మొదటి రౌండ్‌లో ఓడితే చేతికొచ్చేది 10. అంటే ఒక్క సాయంత్రంలో 1290 పాయింట్లు పోయాయి. ఆట ఆ మేరకే దిగజారిందా అంటే లేదు, కానీ పట్టిక అలాగే చూపిస్తుంది.

బాగా ఆడినా ఒక్కోసారి కిందకే జారతారు. పోలండ్ అమ్మాయి ఇగా స్వియాటెక్‌ని చూడండి. 2024 ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి 2000 పాయింట్లు తెచ్చుకుంది. 2025లో అదే టోర్నీలో సెమీస్ దాకా వెళ్లింది. సెమీస్ అంటే చిన్న విషయమా? అయినా వచ్చింది 780. లెక్కలో 1220 పాయింట్ల నష్టం! పైగా ఆ ఏడాది కాలంలో ఆమెకి ఒక్క టైటిల్ కూడా లేదు. స్వియాటెక్ పని అయిపోయింది అన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ర్యాంకు పడితే ఇంకో చిక్కు. గ్రాండ్‌స్లామ్‌లో ర్యాంకు చూసి 32 మందికి సీడ్ ఇస్తారు, అంటే వాళ్లని విడివిడిగా సర్ది పెడతారు. ఆ 32 మంది మూడో రౌండ్ దాకా ఒకరికొకరు ఎదురుపడరు. సీడ్ పోయిందంటే మొదటి రౌండ్‌లోనే నంబర్ వన్ ఎదురు రావచ్చు. ర్యాంకు ఇంకా పడి వంద దాటిపోతే మెయిన్ డ్రా, అంటే అసలు టోర్నీ, తలుపు దాదాపు మూసుకున్నట్టే. ముందు జరిగే అర్హత పోటీల్లో, అంటే క్వాలిఫయింగ్‌లో, మూడు మ్యాచ్‌లు గెలిస్తేనే లోపలికి. అసలే నమ్మకం సడలిన మనిషికి ఎక్కువ మ్యాచ్‌లు, గట్టి ప్రత్యర్థులు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

అందుకే రాయగడ అమ్మకి నేను మొదట చెప్పింది: పాప ర్యాంకింగ్ కాగితాన్ని కొన్నాళ్లు గోడ మీంచి తీసేయండి. ఆ కాగితంలో ఉన్నది పాత ఏడాది. ఈ వారం పాప ఫోర్‌హ్యాండ్ ఎలా ఉందో అది చెప్పదు.

[తెర మీద: సర్వ్ స్లో మోషన్‌లో. బంతి ఎగరేసే చేయి మీద గుండ్రటి గుర్తు.]

ఇప్పుడు శరీరం సంగతి. "ఫామ్ పోయింది" అంటాం కదా, అసలు పోయేది ఏమిటి?

కోర్టు పొడవు 23.77 మీటర్లు. గంటకి 190 కిలోమీటర్ల సర్వ్ అవతలి బేస్‌లైన్ చేరడానికి అర సెకను, ఆ పైన మరి కాస్త పడుతుంది. అంత వ్యవధిలో ఆలోచించి కొట్టడం ఎవరి తరమూ కాదు. వేల గంటల సాధనతో చేయి దానంతటదే కదిలే స్థితికి వస్తుంది. వరసగా ఓడుతున్న ఆటగాడు ఏం చేస్తాడంటే, ఆ దానంతటది జరిగే పనిలోకి తలదూరుస్తాడు. మోచేయి ఎక్కడుంది, పట్టు సరిగ్గా ఉందా, బంతి ఎత్తు చాలిందా అని ముక్కముక్కగా పర్యవేక్షించడం మొదలెడతాడు. మన బరంపురం పట్టు మగ్గం మీద చేయి తిరిగిన నేతగాడిని పట్టుకుని "నాడె విసిరేటప్పుడు బొటనవేలు ఎక్కడ పెడతావు?" అని అడిగి, దాని గురించే ఆలోచిస్తూ నేయమంటే ఏమవుతుంది? లయ తప్పుతుంది. చేతికి పని వచ్చు, నిన్నటికీ ఇవాళ్టికీ మరిచిపోలేదు. మధ్యలో మనసు అడ్డొచ్చింది, అంతే.

టెన్నిస్‌లో ఇది మొట్టమొదట రెండో సర్వ్‌లో, అంటే మొదటిది తప్పితే దొరికే రెండో అవకాశంలో, బయటపడుతుంది. చేయి బిగుస్తుంది, బంతి నెట్‌కి తగులుతుంది, డబుల్ ఫాల్ట్, పాయింటు అవతలివాళ్లకి. ఆ తర్వాత కాళ్లు. భయపడ్డ ఆటగాడు బంతి దగ్గరికి చిన్న అడుగులతో సర్దుకోవడం మానేసి, నిలబడి చేయి చాస్తాడు. బయట కూర్చున్న తల్లిదండ్రులకి అది బద్ధకంలా కనిపిస్తుంది. "పరిగెత్తవేం!" అని అరుస్తారు. దయచేసి అరవకండి. అది బద్ధకం కాదు, భయం. ఈ ఒక్క మాట కోసమే వీడియో చేసినా నాకు తృప్తే.

రఫెల్ నాదల్ లాంటివాడికే 2015లో ఇది జరిగింది. కోర్టులో కంగారుగా ఉంటోంది, స్థిమితం చిక్కడం లేదు అని ఆయనే బాహాటంగా చెప్పాడు. ఆ ఏడాది ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా రాలేదు. 2016లో మణికట్టు నొప్పితో ఫ్రెంచ్ ఓపెన్ మధ్యలోనే తప్పుకున్నాడు. 2017 వచ్చేసరికి మాజీ నంబర్ వన్ కార్లోస్ మోయా అతని కోచింగ్ బృందంలో చేరాడు. ఆ ఏడాది నాదల్ ఫ్రెంచ్ ఓపెన్ పదోసారి గెలిచి, యూఎస్ ఓపెన్ కూడా గెలిచి, నంబర్ వన్‌గా ముగించాడు.

[తెర మీద: అమాండా అనిసిమోవా. కింద వరసగా 2023, 2024, 2025.]

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. దీన్ని కాస్త నిదానంగా చెప్తాను.

అమాండా అనిసిమోవా అమెరికా అమ్మాయి. 17 ఏళ్లకే, 2019లో, ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్ ఆడింది. అదే ఏడాది ఆమె తండ్రి చనిపోయారు. తర్వాత కొన్నేళ్లు ఆట సాగింది కానీ మనసు అరిగిపోతూ వచ్చింది. 2023 మేలో, ఇక నా వల్ల కావడం లేదు, కొన్నాళ్లు ఆగుతున్నాను అని చెప్పి ఆట నుంచి పక్కకి జరిగింది. ఆ నెలల్లో బొమ్మలు వేసుకుంది, ఇంటి పట్టున ఉంది. 2024 జనవరిలో తిరిగొచ్చేసరికి ర్యాంకు 400 దాటిపోయింది. ఎక్కువకాలం దూరమైన వాళ్లకి పాత ర్యాంకు ఆధారంగా కొన్ని టోర్నీల్లో చోటిచ్చే నియమం ఒకటి ఉంది. దాని సాయంతో మళ్లీ మొదలెట్టింది.

తిరిగి రాగానే అన్నీ గెలిచేసిందా? లేదు. 2024 వింబుల్డన్‌లో క్వాలిఫయింగ్‌లోనే ఓడింది, మెయిన్ డ్రా దాకా చేరనేలేదు. సరిగ్గా ఏడాది తర్వాత, 2025లో, అదే వింబుల్డన్‌లో నంబర్ వన్ సబలెంకాని ఓడించి ఫైనల్‌కి వెళ్లింది.

ఫైనల్లో ఎదురుగా ఎవరు? స్వియాటెక్. ఇందాక పని అయిపోయింది అన్నారే, ఆ స్వియాటెక్. ఎనిమిదో సీడ్‌గా వచ్చింది, గడ్డి కోర్టు ఆమెకి అచ్చిరాదని పేరు. జూలై 12న ఆ ఫైనల్ 57 నిమిషాల్లో ముగిసింది. గెలిచింది స్వియాటెక్, స్కోరు 6-0, 6-0. వింబుల్డన్ మహిళల ఫైనల్లో ఒక్క గేమ్ కూడా దక్కకుండా ఓడటం 1911 తర్వాత అదే మొదలు. ప్రపంచమంతా చూస్తుండగా, సెంటర్ కోర్టులో, ఒక్క గేమ్ కూడా లేదు! నేను టీవీ ముందు కూర్చుని, ఈ అనిసిమోవా పిల్ల దీన్నుంచి ఎలా తేరుకుంటుందా అని నిజంగా బాధపడ్డాను.

53 రోజుల తర్వాత, సెప్టెంబర్ 3న, యూఎస్ ఓపెన్ క్వార్టర్స్‌లో మళ్లీ వాళ్లిద్దరే తలపడ్డారు. అనిసిమోవా గెలిచింది. 6-4, 6-3.

ఆ మ్యాచ్‌కి ముందు రోజు రాత్రి ఆమె ఏం చేసిందో తెలుసా? ఆ వింబుల్డన్ ఫైనల్ వీడియో పెట్టుకుని చూసింది. చూడటం కష్టంగా ఉందని తనే చెప్పింది. అయినా ఎక్కడ మెల్లగా కదిలానో, ఏం మార్చాలో చూసుకుంది. ఓటమిని మరిచిపో అని అందరూ చెప్తారు. ఆమె మరవలేదు. ఓటమిలో పనికొచ్చే ముక్క తీసుకుని, మిగతాది అక్కడే వదిలేసింది. ఆ టోర్నీలో ఫైనల్ దాకా వెళ్లి సబలెంకా చేతిలో ఓడింది, అక్టోబర్‌లో బీజింగ్ టైటిల్ గెలిచింది.

[తెర మీద: 141 అనే అంకె. తర్వాత 6. తర్వాత 1.]

పాత తరం వాళ్లకి ఆండ్రీ అగస్సీ గుర్తుంటాడు. మూడు గ్రాండ్‌స్లామ్‌లు, ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు 1997 నవంబర్‌లో 141వ ర్యాంకుకి పడిపోయాడు. అప్పుడు అతను చేసిన పనే నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది. ఛాలెంజర్ టోర్నీలకి వెళ్లాడు. అంటే రెండో మెట్టు పోటీలు, కొద్దిపాటి జనం, కొద్దిపాటి డబ్బు. లాస్ వెగాస్‌లో, తన సొంత ఊళ్లో, ఫైనల్లో ఓడాడు. వెంటనే బర్‌బ్యాంక్ వెళ్లి అక్కడ గెలిచాడు. 1998 చివరికి ఆరో ర్యాంకు. 1999లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో మెద్వెదెవ్ మీద మొదటి రెండు సెట్లూ పోగొట్టుకుని, ఆ తర్వాత మూడూ గెలిచాడు. ఆ ఏడాదే మళ్లీ నంబర్ వన్.

పేరున్న మనిషికి చిన్న కోర్టులో దిగడం ఎంత కష్టమో మన ఊళ్లలో అందరికీ తెలుసు. నలుగురూ ఏమనుకుంటారో అన్నదే సగం బరువు. అండర్-14లో ఒకసారి పెద్ద సిరీస్ ఆడిన పిల్లని మళ్లీ టాలెంట్ సిరీస్‌కి, అంటే కింది మెట్టు జూనియర్ టోర్నీకి, తీసుకెళ్లాలంటే తండ్రికే మనసొప్పదు. తీసుకెళ్లండి. గెలవడం అంటే ఏమిటో చేతికి మళ్లీ గుర్తు చేసేది ఆ చిన్న టోర్నీయే.

మనవాడు సుమిత్ నాగల్ కూడా ఈ దారిలోనే వచ్చాడు. 2021లో తుంటికి ఆపరేషన్. 2023 సెప్టెంబర్‌లో, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని, అంటే దాదాపు 80 వేల రూపాయలని, బయటికి చెప్పాడు. భారత నంబర్ వన్ పరిస్థితి అది. అప్పటికే ఛాలెంజర్లు ఆడుకుంటూ మెట్టు మెట్టు ఎక్కుతున్నాడు. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటుకుని, 31వ సీడ్ బుబ్లిక్‌ని వరస సెట్లలో ఓడించాడు. ఆ ఫిబ్రవరిలో చెన్నై ఛాలెంజర్ గెలిచి మొదటి వందలోకి చేరాడు.

[తెర మీద: ఇంటి గోడకి బంతి కొడుతున్న పాప. పొద్దుటి ఎండ.]

ఇక రాయగడ పాప దగ్గరికి. ఏం చేయాలో నాకు తోచింది చెప్తాను.

మొదట ఒంట్లో నొప్పి ఉందేమో అడగండి. భుజం, మోచేయి, మణికట్టు. పిల్లలు టోర్నీ పోతుందని నొప్పి దాస్తారు. నొప్పితో ఆడిన సీజన్‌ని మనం మనసు బాగోలేని సీజన్ అనుకుంటాం. నొప్పి ఉంటే డాక్టర్ దగ్గరికి, ఆ తర్వాతే మిగతా మాటలు.

తర్వాత విశ్రాంతి. బ్యాగు మంచం కిందే ఉండనివ్వండి కొన్నాళ్లు. ఆగిపోవడం తప్పు కాదు. పాప తిండి, నిద్ర కూడా చెడితే, ఎప్పుడూ ఏడుపు మొహంతో ఉంటే, అది టెన్నిస్ దాటిన సంగతి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ ఉంది, నంబర్ 14416. తెలుగులోనూ, ఒడియాలోనూ మాట్లాడొచ్చు. ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

మళ్లీ మొదలెట్టేటప్పుడు ఒకే ఒక్క పని పెట్టుకోండి. గెలవాలి అన్నది పని కాదు, అది పాప చేతిలో లేదు. రెండో సర్వ్ నెట్ దాటించాలి, అది చేతిలో ఉంది. కోర్టు దొరకని రోజు గోడ చాలు. మన వైపు ఎండలకి తెల్లారగట్లే మంచిది. కొన్ని వారాల పాటు ఆ ఒక్కటే, పుస్తకంలో రాసుకుంటూ. రాసిన అంకె పెరగడం పాప తన కళ్లతో చూస్తుంది చూడండి, ఇష్టం అక్కడ మెల్లగా తల ఎత్తుతుంది.

అప్పుడు దగ్గరలో ఒక చిన్న టోర్నీ. ఇక్కడ నాదొక గట్టి సలహా. డబుల్స్ తప్పకుండా ఆడించండి. రాయగడ నుంచి విశాఖకో భువనేశ్వర్‌కో రైల్లో అంత దూరం పోయి, సింగిల్స్ మొదటి రౌండ్‌లో ఓడి, గంటన్నరలో తిరుగు రైలు కోసం స్టేషన్‌కి వచ్చేస్తే పాపకి మిగిలేది ప్రయాణమే. డబుల్స్ ఉంటే ఇంకో మ్యాచ్ ఉంటుంది, పక్కన ఒక తోడు ఉంటుంది. తప్పు జరిగితే ఇద్దరూ పంచుకుంటారు. మన సానియా మీర్జా సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లి, మణికట్టు గాయాలతో కుంగి, చివరికి డబుల్స్‌లో 2015 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. రోహన్ బోపన్న 2021లో వరస ఓటములతో ఆట మానేద్దామా అనుకున్నాడు. మోకాళ్లు అరిగిపోతే అయ్యంగార్ యోగాతో నెట్టుకొచ్చాడు. 2024 జనవరిలో, 43 ఏళ్లకి, ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి నంబర్ వన్ అయ్యాడు.

అంతర్జాతీయ జూనియర్ ర్యాంకింగ్‌లో డబుల్స్ పాయింట్లలో నాలుగో వంతు కూడా కలుస్తుంది. కాబట్టి పేరు ఇచ్చేటప్పుడే డబుల్స్‌కి కూడా ఇవ్వండి. జోడీ లేదని వెనక్కి తగ్గొద్దు. సైన్-ఇన్ బల్ల, అంటే ఆటగాళ్లు వచ్చామని సంతకం పెట్టే చోటు, దగ్గర కాసేపు నిలబడి అడిగితే, అలాగే జోడీ కోసం వెతుక్కుంటున్న ఇంకో అమ్మాయి, వాళ్ల అమ్మ తరచుగా అక్కడే కనిపిస్తారు.